వీడియో క్లిప్పులను జరుపుట, పెంచుట, త్రిప్పుట

మన సభ్యులలో పలువురు తమ పొలములందలి తెగుళ్లను సెల్‌ఫోనుతో చిత్రించి సంఘ కార్యాలయమునకు తెచ్చుచున్నారు. ఆ క్లిప్పులను ఒకటిగా కూర్చి సభలో తెరపై చూపవలెనన్న, వానిని ముందుగా తెరకు సరిపడునట్లు దిద్దవలసి యుండును. ఈ పనిలో నేను చేసిన పొరపాటునే మొదట విన్నవించెదను.

ఫోనును నిలువుగా బట్టి తీసిన వరియాకు క్లిప్పొకటి నాచేతికి వచ్చెను. తెర యడ్డముగా నుండును గదా! ఇరుప్రక్కల నల్లని ఖాళీ కనబడగా, అది నిండుటకై బొమ్మను అడ్డముగా సాగదీసితిని. అగ్గితెగులు మచ్చలు నూలుకండె యాకారమున నుండును. సాగదీసిన పిమ్మట నవి గుండ్రనివై గోధుమరంగు మచ్చ తెగులువలె కానవచ్చెను. పెద్ద రైతొకరు చూచి, "ఇది అగ్గితెగులు కాదు నాయనా" యన్నప్పుడు గాని నా తప్పు నాకు తెలియలేదు. ఆ బొమ్మను నమ్మి మందు కొన్నవారి గతి యేమి?

లెక్క చూడుడు. నిలువు క్లిప్పు వెడల్పు 1080, ఎత్తు 1920 పిక్సెళ్లు. పిక్సెలనగా బొమ్మను కూర్చిన చుక్క. తెర చట్రము వెడల్పు 1920, ఎత్తు 1080. బలవంతముగా నింపినచో వెడల్పు 1.78 రెట్లగును, ఎత్తు 0.56 వంతునకు దిగును. కావున వెడల్పునకు మూడింతలు పొడవుగల మచ్చ దాదాపు గుండ్రమై పోవును.

షాట్‌కట్ అను ఉచిత సాఫ్ట్‌వేరునందు సైజ్, పొజిషన్ అండ్ రొటేట్ అను ఫిల్టరు కలదు. అందు ఫిట్, ఫిల్, డిస్టార్ట్ అని మూడు పద్ధతులున్నవి. నేను వాడినది డిస్టార్టు. ఆకుల బొమ్మలకు దానిని తాకవలదు. ఫిట్టున బొమ్మ యంతయు కనబడును గాని వెడల్పు సుమారు 607 పిక్సెళ్లే యగును. ఫిల్లున తెర నిండును, కాని నిలువు క్లిప్పు ఎత్తులో మూడవ వంతైనను మిగులదు. మందుడబ్బాపై మోతాదు వ్రాసిన చోటు ఆ కోతలో పోయినచో చూపియు ఫలములేదు. అట్టిచో ఏ భాగము కనబడవలెనో నిర్ణయించుకొని బొమ్మను మీదికో క్రిందికో జరుపవలెను.

ప్రక్కకు ఒరిగిన క్లిప్పును 90 డిగ్రీలు, తలక్రిందులైన దానిని 180 డిగ్రీలు త్రిప్పవలెను. త్రిప్పుటకు బదులు అద్దపు బొమ్మగా మార్చినచో డబ్బాపై యక్షరములు తారుమారగును. గట్టు కొంచెము వాలుగా కనబడినప్పుడు 3 డిగ్రీలు త్రిప్పిన చాలును. కాని చట్రపు మూలలు ఖాళీ యగును గనుక బొమ్మను 110 శాతమునకు పెంచవలెను.

పెంచుటకును మితము కలదు. 1920 పిక్సెళ్ల వెడల్పుగల క్లిప్పును 200 శాతమునకు పెంచిన, నాలుగవ వంతు బొమ్మయే కనబడుటయే గాక చుక్కలు సాగి మసకబారును. 3840 పిక్సెళ్ల వెడల్పున తీసినదైనచో ఆ బాధ లేదు. ఆకును దగ్గరగా తీయుటయే సులభము.

ఈ మార్పులు మూల ఫైలును చెరపవు. ఫిల్టరు తీసివేసిన పూర్వరూపమే వచ్చును. నేనట్లే చేసి, ఆరోగ్యమైన యాకు, అగ్గితెగులు, గోధుమరంగు మచ్చ గల మూడు నిలువు క్లిప్పులను మూడు ట్రాకులపై బెట్టి, ఫిట్టున చిన్నవి చేసి ప్రక్కప్రక్కలకు జరిపితిని. మూడు 607లు కలిసి 1821 యగును గనుక తెరలో చక్కగా నిమిడెను. ఈమారు ఆ పెద్ద రైతు నడిమి బొమ్మను వ్రేలితో చూపి, అగ్గితెగులని తానే చెప్పెను.