కళ్ళద్దాలమ్మిన కుర్రాడు బంతాటలో మేటి

ఏథెన్స్ నగర వీధుల్లో కళ్ళద్దాలు, గడియారాలు, చేతిసంచులు పట్టుకుని దారిన పోయేవారిని బతిమాలి అమ్మిన కుర్రాడు అమెరికాలో బాస్కెట్‌బాల్ మేటిగా పేరు గడించాడు. అతని పేరు యానిస్ అంటెటోకుంపో. 1994 డిసెంబరు 6న గ్రీసు రాజధాని ఏథెన్స్‌లో పుట్టాడు. కన్నవారిది ఆఫ్రికాలోని నైజీరియా దేశం. బతుకుతెరువు వెతుక్కుంటూ వారు 1991లో గ్రీసు చేరారు. సరైన కాగితాలు లేకపోవడంతో ఎప్పుడు పట్టుకుని వెళ్ళగొడతారోనని ఏళ్ళ తరబడి భయపడుతూ కాపురం చేశారు. రెక్కాడితేగాని డొక్కాడని ఆ ఇంట్లో పిల్లలు కూడా వీధిన పడి సరుకులు అమ్మక తప్పలేదు. అక్కడ పుట్టినంత మాత్రాన పౌరసత్వం ఇచ్చే చట్టం లేనందున పిల్లలకూ ఏ దేశపు కాగితమూ దక్కలేదు.

ఇద్దరికీ ఒకే జత

సెపోలియా పేటలో ఆడుకుంటున్న ఈ అన్నదమ్ముల పరుగు స్పిరోస్ వెలినియాటిస్ అనే కోచ్ కంట పడింది. యానిస్‌కు అప్పటికి ఫుట్‌బాల్ మీదే మనసు. 2007లో, పన్నెండేళ్ళు నిండాక బాస్కెట్‌బాల్ పట్టాడు. ఫిలాత్లిటికోస్ అనే చిన్న క్లబ్బులో చేరాడు. అన్న థనాసిస్‌కూ తనకూ కలిపి ఒకే జత బూట్లు. ఒకరు బయటికి వస్తే వాటినే తొడుక్కుని రెండోవాడు ఆడేవాడు. పగలు అమ్మకం, సాయంత్రం సాధన. రాత్రి పొద్దుపోతే ఒక్కోసారి వ్యాయామశాలలోనే చాపలమీద పడుకునేవాడు.

2012-13లో అతడు ఆడింది గ్రీసులో రెండో తరగతి పోటీల్లో మాత్రమే. అయినా ఇంత పొడగరి బంతిని నేలకు తడుతూ పొట్టివాళ్ళలా పరుగెత్తడం చూసి అమెరికా జట్ల వారు అంతదూరం వెళ్ళి పరిశీలించారు. 2013 మేలో పౌరసత్వం చేతికందింది. జూన్ 27న కొత్త కుర్రాళ్ళను వరసప్రకారం ఎంచుకునే కార్యక్రమంలో మిల్వాకీ బక్స్ జట్టు అతణ్ణి 15వ వాడిగా తీసుకుంది. అప్పటికి వయసు పద్దెనిమిది.

మొదటి ఏడాది

చేరిన జట్టు బలహీనమైనది. ఆ ఏడాది 82 ఆటల్లో 15 మాత్రమే గెలిచింది. రివటలా ఉండే యానిస్‌ను బలిసిన ఆటగాళ్ళు భుజంతో నెట్టేసేవారు. సగటున ఆటకు 6.8 పాయింట్లు సాధించాడు. ఒకనాడు చేతిలో ఉన్న డబ్బంతా ఇంటికి పంపేసి, టాక్సీకి పైకం లేక చలిలో ఆటస్థలానికి పరుగందుకున్నాడు. దారిన పోయే దంపతులు గుర్తుపట్టి కారెక్కించుకున్నారు.

పొడగరికి పొట్టివాడి పని

2014లో జేసన్ కిడ్ కోచ్‌గా వచ్చాడు. బంతిని ముందుకు నడిపి తోటివారికి అందించే పనిలో ఆరితేరిన పాత ఆటగాడు ఆయన. పొడగరిని బుట్ట దగ్గరే నిలబెట్టడం ఈ ఆటలో రివాజు. దానికి భిన్నంగా 2016 ఫిబ్రవరిలో ఆయన బంతిని యానిస్ చేతికే ఇచ్చి జట్టును నడపమన్నాడు. ఎవరికి ఎప్పుడు అందించాలో, ఎదుటివారు ఎటు కదులుతారో నేర్చుకోవలసి వచ్చింది. సహాయ కోచ్ షాన్ స్వీనీ దగ్గర ఉండి సాధన చేయించాడు. పాత ఆటల ఫిల్ములు చూపించి తప్పులు దిద్దాడు.

బంతిని చేతబట్టాక రెండంగలే వేయాలన్నది నియమం. యానిస్ ఆ రెండంగలనే ఆయుధం చేసుకున్నాడు. మొదటి అంగలో ఒకపక్కకు వెళ్ళినట్టు కనిపించి, రెండో అంగలో ఇంకోపక్కకు తప్పుకుని బుట్టలో వేస్తాడు. దాదాపు ఏడడుగుల మనిషి అంగ పొడవెంతో వేరే చెప్పనక్కరలేదు. వ్యాయామంతో కండ కూడా పట్టింది.

ఫలితం లెక్కల్లోనే ఉంది. రెండో ఏడు సగటు 12.7. మూడో ఏడు 16.9. నాలుగో ఏడు 22.9. అంతేకాక 2016-17లో పాయింట్లు, బంతి చేజిక్కించుకోవడం, అందించడం, దొంగిలించడం, అడ్డుకోవడం అనే అయిదింటిలోనూ తొలి ఇరవై మందిలో నిలిచాడు. ఆ పోటీల చరిత్రలో అంతకుముందు ఎవరూ సాధించని ఘనత అది. బాగా మెరుగుపడిన ఆటగాడి బహుమతి అతడికే దక్కింది. ఆ సంతోషం ఎంతోకాలం నిలవలేదు. అదే ఏడు సెప్టెంబరులో తండ్రి కన్నుమూశాడు.

మిగిలిన లోపం

2019, 2020 సంవత్సరాల్లో ఉత్తమ ఆటగాడయ్యాడు. అయినా ఒక లోటు వదల్లేదు. ఎవరూ అడ్డులేకుండా 15 అడుగుల దూరం నుంచి వేసే ఫ్రీత్రోలలో తరచూ గురి తప్పేవాడు. పది సెకన్లలో వేయాలి. అతడు ఆలస్యం చేస్తాడని 2021లో ఎదుటి ఊళ్ళ ప్రేక్షకులు ఒకటి, రెండు అంటూ గట్టిగా లెక్కపెట్టి ఎగతాళి చేశారు. పైగా ఫైనల్స్‌కు ముందు ఎడమ మోకాలు వెనక్కి విరుచుకుని రెండు ఆటలు మానుకోవలసి వచ్చింది.

2021 జూలై 20న ఫీనిక్స్ జట్టుపై ఆరో ఆట. ఆ రోజు వేసిన 19 ఫ్రీత్రోలలో 17 బుట్టలో పడ్డాయి. మొత్తం 50 పాయింట్లు ఒక్కడే సాధించాడు. 105-98 తేడాతో గెలిచిన మిల్వాకీకి యాభై ఏళ్ళ తరువాత కప్పు దక్కింది.

పొడవు పుట్టుకతో వచ్చిందే. కాని పొడవున్నవాళ్ళందరూ ఈ స్థాయికి రాలేదు. బంతి పట్టిన నాటినుంచి ఆ రోజు దాకా పద్నాలుగేళ్ళు పట్టింది. ఏటికేడు ఒక్కో లోపం దిద్దుకుంటూ రావడమే అతడు చేసిన పని.