దుకాణపు వెలుగు – గుడ్డ రంగు

పెండ్లిచీరకు సరిపోవు రవికగుడ్డను సాయంకాలము దుకాణములో ఎంచుకొందురు. దీపముల క్రింద రెండును ఒకే రంగుగా తోచును. మరునాడు ఇంటివాకిట విప్పి చూడగా చీరది ఒక ఛాయ, రవికది మరియొక ఛాయ. గుడ్డ మార్చినాడని కొన్నవారు వర్తకుని నిందింతురు. మార్చలేదని అతడు ఒట్టు పెట్టుకొనును. నిజమునకు మారినది గుడ్డ కాకపోవచ్చును. దానిపై పడిన వెలుగు కావచ్చును.

దుకాణమును ఇంపుగా అమర్చుట వర్తకమున పాతవిద్యయే. 1973లో ఫిలిప్ కోట్లర్ అను అమెరికా ఆచార్యుడు, కొనువాని చూపు, వినికిడి, వాసన, స్పర్శలపై పనిచేయు పరిసరము కూడ అమ్మకమునకు సాధనమేనని ఒక వ్యాసమున వివరించెను. వీనిలో వెలుగు ముఖ్యమైనది. నడచుదారికంటె సరకుపై వెలుగు హెచ్చుగా నున్నచో చూపు తనంత తానే సరకువైపు పోవును. బంగారు నగలపై పసుపు ఛాయగల వెలుగును, వజ్రములపై తెల్లని వెలుగును ప్రసరింపజేయుట పలుచోట్ల వాడుక.

అయితే వెలుగు సరకును చూపుటయే కాదు, దాని రంగును నిర్ణయించుటలో పాలుపంచుకొనును. గుడ్డకు అద్దిన రంగు తనపై పడిన కాంతిలో కొన్ని కిరణములను పీల్చుకొని తక్కినవానిని తిరిగి పంపును. అట్లు తిరిగి వచ్చినవే కంటికి రంగుగా తోచును. దీపములో ఎఱ్ఱని కిరణములే లేనిచో ఎఱ్ఱని గుడ్డ పంపుటకు ఏమియు ఉండదు.

దీనిని పాఠశాలలో ఉపాధ్యాయుని సమక్షమున పరీక్షించి చూడవచ్చును. చీకటిగదిలో సారాయిదీపపు మంటలో ఉప్పు నుంచినచో పసుపు వెలుగు వచ్చును. అది సోడియము వెలుగు. దాని తరంగదైర్ఘ్యము సుమారు 589 నానోమీటరులు. ఆ వెలుగులో ఎఱ్ఱ కాగితము, నీలి కాగితము రెండును తమ రంగులు కోల్పోయి నల్లబారినట్లు కనిపించును.

రవికగుడ్డ చిక్కు ఇంకొకటి. కంటిలో రంగులను గుర్తించు కణములు మూడు రకములే. వేర్వేరు రసాయనములతో రంగులద్దిన రెండు గుడ్డలు ఒక దీపము క్రింద ఆ మూడింటిని సమానముగా ప్రేరేపింపవచ్చును. అప్పుడు అవి ఒకే రంగుగా తోచును. వెలుగు మారగానే ఆ సమానత చెడును. దీనినే మెటమెరిజం అందురు.

నేటి తెల్లని ఎల్.ఇ.డి. దీపములలో పెక్కింటియందు, సుమారు 450 నానోమీటరుల నీలికాంతిలో కొంతభాగమును ఒక పూత పసుపు కాంతిగా మార్చును. రెండును కలిసి కంటికి తెలుపుగా తోచును. కాని చౌక దీపములలో ముదురు ఎరుపు కిరణములు తక్కువ. దీపము రంగులను ఎంత సరిగా చూపునో తెలుపుటకు ఒక సూచిక కలదు. దాని గరిష్ఠ విలువ 100. బట్టల దుకాణమునకు 90కి మించిన సూచికగల దీపములు మేలు.

చీరను వాకిటికి తెచ్చి పగటివెలుగులో త్రిప్పి చూచు పెద్దల అలవాటు చాదస్తము కాదు, శాస్త్రసమ్మతమైన పరీక్ష. ఆ పరీక్షకు వీలుగా కిటికీ ప్రక్క ఒక బల్ల వేయించిన వర్తకునికి ఆనాటి బేరము ఒకటి తప్పిపోవచ్చును. కాని గుడ్డ తిరిగి పట్టుకొని వచ్చువారు తగ్గుదురు.