మారేడుపల్లి సముద్రం

సికింద్రాబాద్ పాట్ మార్కెట్‌లో పగడం కావాలంటే ముందు కుజుడి సంగతి తేలాలి. కుజదోషానికి వేలికి ఎక్కే ఆ ఎర్రటి పూస రాయి కాదని, మధ్యధరా సముద్రపు అడుగున బతికిన ఒక జీవి ఎముకల గూడని చెబితే మా మేనత్త నమ్మలేదు. బాపట్ల మనిషి, ముప్పై ఏళ్లుగా ఆ ఉంగరం తీయలేదు. “రాయి కాకపోతే రత్నాల్లో ఎందుకు చేర్చార్రా?” అంది. జవాబు నా దగ్గర లేదు. నా దగ్గర ఉన్నదల్లా మారేడుపల్లి ఇంట్లో చెప్పుల స్టాండు పక్కన 50 లీటర్ల ఉప్పునీటి గాజుపెట్టె.

దీన్ని ఆల్ ఇన్ వన్ అంటారు. కింద అలమరలో పైపులూ తొట్లూ ఉండవు. వెనకవైపు నల్లటి అడ్డుగోడ, దాని చాటున మూడు అరలు, అంతే. దువ్వెన పళ్లలాంటి సందుల్లోంచి నీళ్లు మొదటి అరలోకి దూకి, అక్కడి దూదిలో నలక వదిలేస్తాయి. రెండో అరలోని చిల్లుల రాళ్లలో బ్యాక్టీరియా కాపురం. చివరి అరలో హీటరూ, నీటిని తిరిగి ముందుకు తోసే చిన్న మోటరూ. ముందువైపు నీటిమట్టం ఎప్పుడూ కదలదు. ఆవిరైన లోటంతా చివరి అరలోనే కనిపిస్తుంది. అది చూసుకోకపోతే మోటరు గాలి మింగి గురక పెడుతుంది. మా ఇంట్లో ఆ గురక రాత్రి రెండింటికే మొదలవుతుంది.

ఈ నీళ్ల కోసం నేను ఉప్పు కొంటుంటే, “మా సూర్యలంక బీచిలో నాలుగు క్యాన్లు పట్టుకొస్తే పోయేదిగా, ఉప్పు కొనడమేమిట్రా?” అంది అత్త. సముద్రం మనకు 300 కిలోమీటర్ల పైమాటే. ఒడ్డు నీళ్లలో మట్టి కలుస్తుంది. వాటిలోని కంటికానని జీవులు దారిలోనే క్యానులో చచ్చి, నీళ్లు కంపుకొడతాయి. పోనీ వంటకు వాడే చినగంజాం ఉప్పు కలుపుదామా? అక్కడే ఉంది కిటుకు. ఉప్పు మడుల్లో సముద్రపు నీరు ఎండుతుంటే మొదట సున్నం, జిప్సం అడుగుకు దిగుతాయి. ఆ తర్వాత మనం తినే ఉప్పు గడ్డకడుతుంది. మెగ్నీషియం మిగిలిన చేదు నీళ్లను పారబోస్తారు. అంటే వంటింటి డబ్బాలో ఉన్నది సముద్రంలో ఒక భాగమే. పగడానికి కావలసినవి చాలావరకు మడిలోనూ కాలవలోనూ పోయాయి. అక్వేరియం వాళ్లు అమ్మే ఉప్పులో వాటన్నిటినీ తిరిగి లెక్కప్రకారం కలుపుతారు. లీటరుకు సుమారు 35 గ్రాములు. వారానికోసారి 5 లీటర్లు మార్చాలంటే 175 గ్రాములు తూచుకోవాలి.

కలపడానికి కుళాయి నీళ్లు పనికిరావు. ఆర్‌ఓ తర్వాత డీఅయనైజింగ్ రెసిన్ గుండా కూడా పంపి, టీడీఎస్ మీటరు సున్నా చూపించాలి. ఇదంతా చేస్తూ చేస్తూ నాకు తట్టిన తమాషా ఒకటుంది. మన జంటనగరాల కుళాయిల్లోకి నాగార్జునసాగర్ నుంచి కృష్ణా, ఎల్లంపల్లి నుంచి గోదావరీ వస్తున్నాయి. మన తెలుగు తీరాన మన్నార్ సింధుశాఖలోలాంటి, లక్షద్వీప్‌లోలాంటి పగడపు దిబ్బలు పెరగకపోవడానికి పెద్ద కారణం ఈ నదులే. అవి తెచ్చిపోసే మంచినీరూ ఒండ్రూ పగడానికి గిట్టవు. అక్కడ పగడాన్ని దగ్గరికి రానివ్వని ఆ నీళ్లకే ఇక్కడ నేను ఉప్పు కలిపి పగడాన్ని పెంచుతున్నాను.

ఊరిమధ్యన సముద్రాన్ని నిలపాలన్న పిచ్చి నాతో మొదలైంది కాదు. 1846లో అన్నా థిన్ అనే ఆవిడ ఇంగ్లండులోని టార్కీ తీరంలో దొరికిన పగడాలను సూదీదారంతో స్పాంజికి కుట్టి, జాడీలో పెట్టి లండన్ తెచ్చుకుంది. మోటర్లెక్కడివి? తెరిచిన కిటికీ దగ్గర నిలబడి పనిమనిషి ఆ నీళ్లను గిన్నెలోంచి గిన్నెలోకి, టీ తిరగబోసినట్టు పోస్తూ ఉండేది. నా మోటరు చేసేదీ అదే పని. ఆ పనిమనిషి పేరు నాకెక్కడా కనపడలేదు, మేడమ్‌గారి పేరే మిగిలింది.

నీళ్లు పోసిన రోజే చేపలు వేస్తే చస్తాయి. చిటికెడు మేత కుళ్లితే అమ్మోనియా పుడుతుంది. ఒకరకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైటుగా, మరోరకం నైట్రేటుగా మార్చడం నేర్చుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు. అన్నాళ్లూ ఖాళీ నీళ్లకు లైటు వేసుకు కూర్చున్న నన్ను చూసి పాలబ్బాయి కూడా జాలిపడ్డాడు.

ఇక అసలు చిక్కు చట్టం. దిబ్బలు కట్టే గట్టి పగడాలన్నీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. సముద్రపు విసనకర్రలనే పగడాలూ, నల్ల పగడమూ అంతే. అంటే పులి పక్కన కూర్చున్నాయి. కొన్ని కొట్లలో ‘లైవ్ రాక్’ పేరుతో చాటుగా చూపించే తెల్లరాళ్లు చాలావరకు పగడపు గూళ్లే. విదేశీ సరుకంటారు. గట్టి పగడాలు వన్యజీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపుచేసే సైటిస్ ఒప్పందం కింద ఉన్నవే, కాగితాలు లేకుండా ముట్టుకోవద్దు. నేను సిమెంటు, పింగాణీ రాళ్లు పేర్చాను. గట్టి పగడం లేనిది రీఫే కాదని వెక్కిరించేవాళ్లతో నాకు పేచీ లేదు, కానీ దిబ్బను పగలగొట్టి ముందుగదిలో దిబ్బ కట్టడం నాకు చేతకాదు. చేపలకూ అదే లెక్క. మండపం, విళింజంలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ కేంద్రాలు క్లౌన్ చేపలను తొట్లలోనే పొదిగించే పద్ధతి తేల్చాయి. అలా పుట్టిన జంటనే అడిగి తెచ్చుకున్నాను. పెద్దది ఆడది. అది పోతే మగదే ఆడదిగా మారుతుంది. ఇది మాత్రం అత్తకు ఇంకా చెప్పలేదు.

చలికాలం హీటరు చూసుకుంటుంది. మే నెలే గండం. నీళ్లు 26 డిగ్రీల దగ్గర ఉండాలి, బయట 42. నీటి మీదికి ఫ్యాను తిప్పితే చల్లబడతాయి గానీ రోజుకు లీటరు పైన ఆవిరవుతాయి. ఉప్పు ఆవిరి కాదు కాబట్టి పోసేది మంచినీళ్లే. ఒకసారి నిద్రమత్తులో ఉప్పునీళ్లు పోసి, ఒక రొయ్యను పోగొట్టుకున్నాను. కరెంటు పోతే బ్యాటరీ గాలిపంపు.

ఇప్పుడు సిమెంటు రాయి మీద జీనియా అనే మెత్తటి పగడం పెరుగుతోంది. గుప్పిళ్లు మూసి తెరుస్తున్నట్టు రోజంతా ఆడుతుంది. మొన్న సాయంత్రం సీరియల్ విరామంలో అత్త కళ్లద్దాలు సర్దుకుని గాజుకు మొహం ఆనించింది. “దీనికి చేతులున్నాయిరా... ఎనిమిది.”

“నీ ఉంగరంలోదానికీ ఎనిమిదే, అత్తా.”

సీరియల్ మొదలైంది. ఆవిడ కదల్లేదు. ఇంకో గుప్పిటను లెక్కపెడుతోంది.