మీకు తెలుసా? నునుపు కూడా ఒక టెక్స్చరే

లక్కపిడతలతో వంటలాట ఆడుకున్నవాళ్ళకి ఆ బుజ్జి గిన్నెల నునుపు ఇప్పటికీ వేళ్ళకి గుర్తుండే ఉంటుంది. అది కుంచె పెట్టి తెచ్చిన నునుపు కాదని మీకు తెలుసా?

ఎలమంచిలి మండలంలో, వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకలో బొమ్మకి రంగు పుయ్యరు, పట్టిస్తారు. అంకుడు కర్రని లేత్‌కి బిగించి, తిరుగుతూ ఉండగా ఉలితో రూపం తీస్తారు. తర్వాత రంగు కలిపిన లక్క కడ్డీని ఆ తిరిగే కర్రకి ఆనిస్తారు. రాపిడికి పుట్టే వేడి చాలు, లక్క మెత్తబడి కర్రని పట్టుకుంటుంది. మొదట చారలు చారలుగా, గరుకుగా ఉంటుంది. అప్పుడు ముళ్ళు తీసేసిన మొగలి ఆకుని దాని మీద అదిమి పడతారు. చూస్తుండగానే చారలు కరిగి ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి, మెరుపు పైకి తేలుతుంది. గరుకు, నునుపు రెండూ ఒకే లక్కలో ఉన్నాయి. ఏది కావాలో చెయ్యి తేలుస్తుంది.

ఆ రంగుల్లో పసుపు, నీలిమందు, జాఫ్రా గింజలు ఉంటాయి. సహజ రంగులతో ఈ కళని నిలబెట్టిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. 2025 గణతంత్ర వేడుకల్లో ఆంధ్రప్రదేశ్ శకటం మీద ఢిల్లీ వెళ్ళినవీ ఈ బొమ్మలే.

ఇలా చేతికి తెలిసే టెక్స్చర్‌ని ఈనాటి చిత్రకళలో మిక్స్‌డ్ మీడియాతో తెస్తారు. రంగుకి ఇసుకో, కాగితమో, గుడ్డ ముక్కో, మోడలింగ్ పేస్టో జతచేసి, కంటితోపాటు చేతికీ అందే బొమ్మ వెయ్యడమే ఇది. యూరప్‌లో పికాసో బొమ్మ మీద ఆయిల్ క్లాత్ అతికించి చుట్టూ తాడు బిగించింది 1912లో. ఆయన తోటి చిత్రకారుడు బ్రాక్ రంగులో ఇసుక కలపడం మొదలుపెట్టిందీ ఆ రోజుల్లోనే. కళాశాలల్లో ఈ రెండు పేర్లూ తప్పకుండా చెబుతారు, చెప్పాలి కూడా. వాటి పక్కనే కొండపల్లి పేరు కూడా చెప్పాలని నా కోరిక.

ఎందుకంటే కొండపల్లి బొమ్మల్లో చేతులూ తలపాగాలూ అతికించేది మక్కుతో. చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపి చేసే ముద్ద అది. అతుకు వేస్తుంది, ఎత్తు తెస్తుంది, ఆరాక గట్టిపడుతుంది. దాని మీద సున్నం పూత, ఆపైన రంగు. మోడలింగ్ పేస్ట్ డబ్బా చేసే పని కూడా ఇదే కదా! చేర్యాల నకాషీ చిత్రకారులు అదే చింతగింజల జిగురుకి సుద్దమట్టి, గంజి, బంక కలిపి ఖద్దరు గుడ్డకి పూతలు వేసి, ఆ తర్వాతే బొమ్మ మొదలుపెడతారు. బొమ్మ కింద ఉన్న నేల సరిగ్గా కుదిరితేనే గీత నిలుస్తుందని వాళ్ళకి తెలుసు.

మళ్ళీ లక్క దగ్గరికే వస్తాను, నాకు అసలు ఆశ్చర్యం అక్కడే ఉంది. వేడిగా ఉన్న లక్క తన మీద పడిన ప్రతి ముద్రనీ పట్టుకుంటుంది. పాత గ్రామఫోన్ రికార్డులు లక్కతో చేసినవే! లక్కలో మెత్తని రాతిపొడి కలిపి, వేడిమీద అచ్చులో ఒత్తేవారు. ఒక మనిషి గొంతులోని వణుకు కూడా ఆ సన్నని గాళ్ళలో దాగేది. వినైల్ వచ్చేదాకా పాట నిలిచింది లక్క టెక్స్చర్‌లోనే. లక్క, దానికి బలంగా రాతిపొడి, దాని మీద ఒత్తిడి! ఈనాటి మిక్స్‌డ్ మీడియా చిత్రకారుడు వాడే సూత్రం కూడా ఇదే.

సింధ్‌లోని హాలా ఊరి పనివాళ్ళు ఇంకో దారి పట్టారు. రంగు మీద రంగుగా లక్క పొరలు వేసి, పైపొరని గీకుతారు. గీక్కుంటూ పోతే కింది రంగు పువ్వుగా, తీగగా బయటికి వస్తుంది.

మీరు బొమ్మలు వేసేవాళ్ళయితే ఒకసారి లక్కతో చేసి చూడండి. కాన్వాసు వద్దు. చల్లారిన లక్క పెళుసు, గుడ్డ వంగితే చిట్లిపోతుంది. చెక్క పలక తీసుకోండి. లక్కని నేరుగా మంట మీద పెట్టకుండా, సన్నని సెగ దగ్గర మెత్తబరిచి పలకకి ఒక పక్క రాయండి. వేడి తగ్గేలోపు కొబ్బరి పీచో, గోనెపట్టా ముక్కో దాని మీద ఒత్తి తీయండి. రెండో పక్క మరో రంగు లక్క రాసి, దాని మీద మొగలి ఆకు అదిమి లాగండి. ఒక పక్క గోనె నేత అచ్చు గుద్దినట్టు దిగుతుంది, మరో పక్క చిన్ననాటి లక్కపిడత నునుపు తేలుతుంది. కళ్ళు మూసుకుని రెండింటి మీదా వేలు పెట్టి చూడండి.