మూసీ పుట్టిన కొండ మీద ఒక రాత్రి

మాది హైదరాబాద్ పాతబస్తీ. నయాపూల్ మా ఇంటికి పది నిమిషాల నడక. మా పిల్లలకు తెలిసిన మూసీ ఆ వంతెన కింద పారే మురికినీరే. దాటినప్పుడల్లా ముక్కు మూసుకుంటారు. "ఈ నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తాయి అబ్బా?" అని ఒకరోజు మా తొమ్మిదేళ్ల అమ్మాయి అడిగింది. నోటితో చెప్పేకంటే కళ్లకు చూపిస్తే మంచిదనిపించింది. 2023 డిసెంబరులో ఒక శనివారం మేము, మా శ్రీమతి, అమ్మాయి, ఐదేళ్ల అబ్బాయి కారులో అనంతగిరికి బయల్దేరాం. గుడారంలో రాత్రి గడపడం మా ఇంట్లో ఎవరికీ అలవాటు లేదు.

అంతకు వారం ముందే గుడారాన్ని మేడ మీద వేసి, పిల్లలతో ఒక రాత్రి పడుకున్నాం. కర్రలు ఎలా దూర్చాలో, తాళ్లు ఎలా బిగించాలో అక్కడే నేర్చుకున్నాం. ఇక అంతా వచ్చేసిందనుకున్నాం. ఆ ధీమా ఎంత తప్పో తర్వాత తెలిసింది. బయల్దేరే ముందు మా అమ్మ ఇద్దరు పిల్లల చేతికీ ఇమామ్ జామిన్ కట్టింది. టిఫిన్ కేరియర్‌లో ఖిచిడీ, ఖట్టా సర్దింది.

లంగర్‌హౌజ్ దాటాక పిల్లలకు నది కథ చెప్పాం. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరాన్ని ముంచెత్తింది. వేలాదిమంది చనిపోయారు. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. మళ్లీ అలాంటి వరద రాకూడదని విశ్వేశ్వరయ్య సలహాపై కట్టిందే గండిపేట జలాశయం. అది 1920లో పూర్తయింది. "ఆ చెట్టు ఇంకా ఉందా?" అని అబ్బాయి అడిగాడు. ఉందన్నాం. మొయినాబాద్ నుంచి చేవెళ్ల వైపు రోడ్డుకు రెండు పక్కలా మర్రిచెట్లు గొడుగు పట్టినట్టు ఉన్నాయి. వాటిని లెక్కపెడుతూ పిల్లలు అలసట మరిచారు. గంటకోసారి ఆగాలని ముందే అనుకున్నాం కాబట్టి ఎవరికీ వాంతులు కాలేదు.

అడవిలో ఎక్కడపడితే అక్కడ గుడారం వేయకూడదు. అందుకే వికారాబాద్ దాటాక, రుసుము తీసుకుని చోటిచ్చే ఒక తోటలో దిగాం. పొద్దు గూకడానికి రెండు గంటల ముందే చేరడం మంచిదైంది. ఎండుకొమ్మలున్న చెట్టు కింద, వాగు పల్లంలో కాకుండా చదునైన మెరక చూసుకున్నాం. పిల్లలిద్దరికీ చెరో టార్చి, చెరో ఈల ఇచ్చాం. దారి తప్పితే పరుగెత్తకుండా ఉన్నచోటే నిలబడి ఈల వేయాలని చెప్పాం.

రాత్రి పదకొండు గంటలకు అసలు పరీక్ష మొదలైంది. గాలికి గుడారం టపటప కొట్టుకుంటోంది. అబ్బాయి లేచి "ఇంటికి పోదాం" అని ఏడుపు అందుకున్నాడు. "మగపిల్లాడివి, భయమేమిటి? పడుకో!" అని గదమాయించాం. వాడు నోరు మూసుకున్నాడు. మేము గెలిచామనుకున్నాం. మా శ్రీమతి వాడి కాళ్లు తడిమి, "భయం కాదండీ, పిల్లాడు గడ్డకట్టుకుపోతున్నాడు" అంది. నిజమే. దుప్పట్లన్నీ పైన కప్పాం. కింద పరిచింది పలచటి చాప ఒక్కటే. డిసెంబరు చలి నేలలోంచి వస్తుందన్న సంగతి మేడ మీద తెలియలేదు. వాడు చెప్పాలనుకున్నది వినకముందే నోరు మూయించాం. ఆ చీకట్లో మాకు సిగ్గేసింది.

వెంటనే ఇంటికి బయల్దేరదామన్నాం. ఆమె ఒప్పుకోలేదు. నిద్రకళ్లతో మలుపుల దారిలో కారు నడపడం చలికంటే ప్రమాదం అంది. ఇంజను ఆపేసి, అద్దాలు కొంచెం దించి, నలుగురం కారులోనే ముడుచుకున్నాం. తల్లి ఒడిలో వాడి కాళ్లు వెచ్చబడ్డాయి. కాసేపటికి నిద్రపోయాడు. మాకు మాత్రం తెల్లవార్లూ కునుకు పట్టలేదు.

ఫజర్ నమాజు మంచు తడిసిన గడ్డి మీద చేశాం. పొద్దెక్కాక కొండల్లోంచి దిగే సన్నని పాయ దగ్గరికి పిల్లల్ని తీసుకెళ్లాం. ఇలాంటి పాయలే కలిసి మూసీ అవుతాయనీ, అది సుమారు 240 కిలోమీటర్లు పారి నల్గొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుందనీ చెప్పాం. అబ్బాయి ఒక్క గెంతులో అవతలికి దూకి, "నేను మూసీని దాటేశా!" అని అరిచాడు. రాత్రి ఏడ్చిన పిల్లాడు వీడేనా అనిపించింది.

పసిపిల్లలతో మొదటిసారి ఇలా వెళ్లాలనుకునే తల్లిదండ్రులకు మా మాట ఇది. దగ్గరి చోటు ఎంచుకోండి. ఒక్క రాత్రి చాలు. పైన కప్పేదానికంటే కింద పరిచేది మందంగా ఉండాలి. వెనుదిరిగే దారి ఎప్పుడూ ఒకటి ఉంచుకోండి. అన్నిటికంటే ముఖ్యం, పిల్లలు ఏడిస్తే మొదట ఎందుకని అడగండి. ధైర్యం గురించి తర్వాత చెప్పవచ్చు.

ఇంటికి చేరగానే మా అమ్మ ఇమామ్ జామిన్లు విప్పి, ఆ నాణేలు పేదవారికి ఇచ్చింది. సాయంత్రం నయాపూల్ దాటుతుంటే అమ్మాయి ఈసారి ముక్కు మూసుకోలేదు. "అక్కడ అంత శుభ్రంగా ఉందిగదా అబ్బా, మధ్యలో ఎవరు పాడుచేశారు?" అని అడిగింది. మేము జవాబు కోసం తడుముకుంటూనే వంతెన దాటాం.