ఒకటికి మించి జవాబులున్న ప్రశ్నలు: మార్కులు ఎలా వేయాలి?

స్కాలర్‌షిప్ ఎంపిక పరీక్షలు ఇప్పుడు ఫోన్లలో, కంప్యూటర్లలో జరుగుతున్నాయి. వీటిలో ఒకటికి మించి సరైన జవాబులున్న ప్రశ్నలూ వస్తున్నాయి. వాటికి మార్కులు వేసే పద్ధతిని బట్టి ఒక పేద విద్యార్థి జాబితాలో ఉండవచ్చు, ఒక్క మార్కుతో జారిపోవచ్చు. అందుకే ఈ విషయాన్ని తల్లిదండ్రులకు, ఉపాధ్యాయులకు వివరించదలిచాము.

మన జిల్లా ఉదాహరణే తీసుకుందాం. పెన్నా నదిపై కట్టినవి ఏవి? సోమశిల, సంగం బ్యారేజీ, నెల్లూరు బ్యారేజీ, కండలేరు. మొదటి మూడూ సరైనవి. కండలేరుకు సోమశిల నుంచి కాలువ ద్వారా నీరు వస్తుంది గానీ, ఆ జలాశయం పెన్నాపై లేదు. ఒక అమ్మాయి తనకు తెలిసిన సోమశిల, సంగం మాత్రమే గుర్తించింది. ఒక అబ్బాయి ఆలోచించకుండా నాలుగూ గుర్తించాడు.

అన్నీ సరిపోతేనే మార్కులు అంటే ఇద్దరికీ సున్నాయే. గూగుల్ ఫారమ్స్ తనంతట తాను దిద్దితే ఇలాగే వేస్తుంది. 2021 నుంచి గేట్ పరీక్షలో ఇలాంటి ప్రశ్నలకు పద్ధతి ఇదే. అయితే అక్కడ వీటికి నెగటివ్ మార్కులు లేవు. సరైన ప్రతి గుర్తుకూ మార్కు ఇచ్చి తప్పును వదిలేస్తే అబ్బాయికే పూర్తి మార్కులు! జేఈఈ అడ్వాన్స్‌డ్ పాక్షిక మార్కుల పద్ధతిలో అమ్మాయికి 4కు 2, అబ్బాయికి మైనస్ 2 వస్తాయి.

చిన్న పరీక్షలకు మేము సూచించేది ఇది. సరైన ఆప్షన్లకు మార్కులు సమానంగా పంచాలి. తప్పు ఆప్షన్లన్నిటి కోత కలిపితే ప్రశ్న మొత్తం మార్కులకు సమానం కావాలి. మొత్తం సున్నాకు దిగరాదు. అప్పుడు అన్నీ గుర్తిస్తే లాభం ఉండదు. తప్పు ఆప్షన్ ఒక్కటే ఉంటే కోతంతా దానిమీదే పడుతుంది. కృష్ణా నదిపై ఉన్న పులిచింతలను ఐదోదిగా చేర్చి, ప్రశ్నకు 3 మార్కులు పెట్టామనుకోండి. ఒక్కో సరైన గుర్తుకు 1 మార్కు, ఒక్కో తప్పుకు ఒకటిన్నర కోత. అమ్మాయికి 2 వస్తాయి. మూడూ తెలిసి కండలేరు దగ్గర పొరబడిన వారికి ఒకటిన్నర మిగులుతుంది. ఐదూ గుర్తించిన వారికి సున్నా.

ప్రశ్న రాసేటప్పుడూ జాగ్రత్తలు అవసరం. ప్రతి ఆప్షనూ విడిగా తప్పో ఒప్పో తేలాలి. 'పైవన్నీ' అన్నది పెట్టకూడదు. శ్రీహరికోట ఏ జిల్లాలో ఉందని అడిగితే ఏ కాలం నాటి మాటో చెప్పాలి; 2022 ఏప్రిల్ వరకు నెల్లూరు, తర్వాత తిరుపతి. తెలుగు, ఉర్దూ రెండింటిలో ప్రశ్నపత్రం ఉంటే రెండింటి అర్థం ఒకటేనా అని వేరొకరు సరిచూడాలి.

అన్నిటికన్నా ముఖ్యం, మార్కుల నియమాన్ని పరీక్షకు ముందే పిల్లలకు వారి భాషలో చెప్పడం, ఒక నమూనా ప్రశ్నతో సాధన చేయించడం. తెరపై పరీక్ష మొదటిసారి రాసే తీరగ్రామాల పిల్లలకు ఇది మరీ అవసరం. దాతల సొమ్ము మన దగ్గర అమానత్. అది అర్హులకు చేరాలంటే ముందు మార్కులు న్యాయంగా పడాలి.