ఉద్దానపు ఇళ్లలో పుస్తకానికి దొరికిన వేళ

చిన్నపిల్లలున్న తల్లిదండ్రులకు పుస్తకం చదివే తీరిక ఎలా దొరుకుతుందన్న ప్రశ్నకు ఈ కాలంలో వినిపించే సమాధానాలు చాలావరకు గడియారం చుట్టూనే తిరుగుతున్నాయి. తెల్లవారుజామున అరగంట ముందుగా లేవాలని, పిల్లలు పడుకున్నాక ఫోను పక్కన పెట్టి పుస్తకం తీయాలని పెద్దలు చెబుతారు. ఈ సలహాల్లో తప్పు లేదు గాని, ఉద్యోగమూ వంటా పిల్లల బడి పనులూ ముగించుకున్న మనిషికి రాత్రి పదింటికి అలసట తప్ప తీరిక మిగలదు. పలాస, టెక్కలి, మందస, సోంపేట, కవిటి ప్రాంతాల నుంచి దేశాలు దాటి స్థిరపడిన కుటుంబాలు ఈ ఇబ్బందిని విదేశీ జీవితం తెచ్చిపెట్టిన కొత్త కష్టంగా భావించడం సహజమే అయినా, ఆ ఊళ్లలో చదువు సాగిన తీరును నిదానంగా పరిశీలిస్తే, తీరిక బొత్తిగా ఎరుగని ఇళ్లలోకి కూడా పుస్తకం ఒకప్పుడు వేరే దారిన ప్రవేశించిందనీ, ఆ దారి ఇంకా మూసుకుపోలేదనీ అర్థమవుతుంది.

ఉద్దానం శ్రీకాకుళం జిల్లాలోని కొబ్బరి, జీడిమామిడి, పనస తోటల సీమ. అక్కడ ఏడాది పొడుగునా ఇంటిల్లిపాదికీ ఏదో ఒక పని ఉంటూనే ఉంటుంది. పలాస-కాశీబుగ్గ జీడి పరిశ్రమనే తీసుకుంటే, జీడిపిక్క కొట్టేటప్పుడు గుల్లలోంచి ఊరే నూనె చర్మాన్ని కాల్చివేస్తుంది కాబట్టి పనివారు చేతులకు ఆముదమో బూడిదో రాసుకుంటారు. గుల్ల పోయిన పప్పును వేడిగదిలో ఆరబెట్టిన తరువాత, దానిని అంటిపెట్టుకున్న ఎర్రటి పొరను చిన్న కత్తితో, పప్పు విరగకుండా, ఒక్కొక్కటిగా తీయవలసి ఉంటుంది. గుండు పప్పుకు ఉన్న ధర బద్దకు రాదు, బద్దకు ఉన్నది ముక్కకు రాదు. పౌనుకు 220 నుంచి 240 దాకా తూగే గుండ్లను 240 రకమని, అంతకంటె చిన్నవాటిని 320 రకమని వేరు చేస్తారు. ఈ పనిలో అత్యధికులు స్త్రీలు, వారిలో చాలామంది పసిపిల్లల తల్లులు. నూనె మరకలు అంటిన ఆ చేతులకు పుస్తకం పట్టుకోవడం కుదరదు, పప్పు మీద నిలిపిన చూపును పేజీ మీదికి మళ్లించడం అంతకన్నా కుదరదు. చేతులూ కళ్లూ పనికి అంకితమైపోగా, చెవులు మాత్రమే ఖాళీగా ఉండేవి.

ఆ ఖాళీ చెవులనే ఆ ప్రాంతపు చదువు ఆశ్రయించింది. రామమందిరంలోనో భజన మందిరంలోనో సాగే పురాణ కాలక్షేపంలో, అంటే ఒకరు గ్రంథం చదువుతూ ఉండగా మరొకరు దానికి అర్థం చెప్పే సామూహిక పఠనంలో, వినేవారిలో ఎక్కువమందికి అక్షరాలు రావు. వచ్చినవారికి పుస్తకాలు లేవు. ఇళ్లలో ఇదే ఏర్పాటు చిన్న ఎత్తున నడిచేది. చింతపండు పిక్కలు తీస్తూనో, కొబ్బరి కోరుతూనో, పసివాణ్ణి కాళ్ల మీద వేసుకుని నిద్రపుచ్చుతూనో ఉన్న మామ్మ ఎదుట బడికి వెళ్లే మనవడు కూర్చుని పెద్ద బాలశిక్షో కాశీమజిలీ కథలో బిగ్గరగా చదివేవాడు. అతడు తడబడిన చోట, అక్షరం ముక్క రాని మామ్మ, కథ అంతకుముందే విని ఉండటం వల్ల, సరైన మాట అందించేది. రంగూను నుంచి, కలకత్తా నుంచి, ఖరగ్‌పూర్ రైల్వే కాలనీల నుంచి వచ్చే ఉత్తరాలు చదివి పెట్టే బాధ్యతా ఆ పిల్లలదే. చిన్న వయసులోనే పెద్దల సుఖదుఃఖాలను తమ గొంతుతో పలకవలసి వచ్చిన ఆ పిల్లలకు, చదువంటే పదిమంది ఎదుట చేసే పని అని వేరే చెప్పనక్కర లేకపోయింది.

1947 జూలైలో మొదలైన ‘చందమామ’ ఈ అలవాటుకు చక్కగా అమరింది. 1952 నుంచి 1980లో మరణించేవరకు ఆ పత్రిక సంపాదకత్వపు భారం మోసిన కొడవటిగంటి కుటుంబరావు నిలిపిన భాష, పైకి చదివినప్పుడు చెవికి ఇబ్బంది కలిగించని భాష. వాక్యం చిన్నది, క్రియ స్పష్టం, విన్నవారు వెనక్కి వెళ్లి వెతుక్కోవలసిన అవసరం లేదు. అటువంటి భాష అచ్చులోకి రావడానికి ఈ జిల్లా బిడ్డ చేసిన కృషిని ఇక్కడ తలచుకోకుండా ఉండటం న్యాయం కాదు. 1863లో శ్రీకాకుళం సమీపాన పర్వతాలపేటలో జన్మించి, టెక్కలికి దగ్గరలోని పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా జీవితంలో ఎక్కువ భాగం గడిపిన గిడుగు రామమూర్తి, జనం మాట్లాడే భాషలోనే పుస్తకాలుండాలని పోరాడటమే గాక, సవర గిరిజన పిల్లలకు వారి సొంత భాషలో చదువు చెప్పించడానికి పాఠాలు రాసి బడులు నడిపారు. అలాగే ఇచ్ఛాపురం అవతలనున్న బరంపురంలో పుట్టిన ఉప్పల లక్ష్మణరావు మాస్కోలోని ప్రగతి ప్రచురణాలయంలో పనిచేస్తూ సోవియట్ పుస్తకాలను తెలుగులోకి తెచ్చారు. విశాలాంధ్ర సంస్థ వ్యాన్లలో పెట్టి ఊరూరా తక్కువ ధరకు అమ్మిన ఆ రంగురంగుల బొమ్మల పుస్తకాలు 1991 తరువాత రావడం ఆగిపోయినా, వాటిని చదువుకుని పెరిగిన తరం ఈనాటి తల్లిదండ్రులలో, తాతలలో ఉన్నది.

పనిచేసే చేతులకు చదివే గొంతును జతచేయడం ఒక్క ఉద్దానపు విశేషం కాదు. క్యూబా దేశంలోని హవానా నగరంలో 1865లో చుట్టల కర్మాగారాలలో, కార్మికులు ఆకు చుడుతూ ఉండగా ఒకరు ఎత్తైన పీట మీద కూర్చుని వార్తాపత్రికలూ నవలలూ చదివి వినిపించే ఆచారం మొదలైంది. ఆ చదువరి జీతాన్ని కార్మికులే తమ కూలిలోంచి ఇచ్చుకునేవారు. కేరళలోని కణ్ణూరు బీడీ కార్మికులు, 1969లో ఏర్పడిన దినేశ్ బీడీ సహకార సంఘంలోనివారు సైతం, పత్రిక చదివే తోటివాని వంతు బీడీలను తామే పంచుకుని చుట్టిపెట్టేవారు. పేదవారు తమ కష్టార్జితంలో కొంత భాగాన్ని పుస్తకం వినడానికి వెచ్చించారన్న ఈ సంగతిని, సమయం లేదని బాధపడే ప్రతి ఇంటిలోనూ ఒకసారి చెప్పుకోవాలి.

పాత ఏర్పాటులో అంతా మంచే ఉన్నదని చెప్పడం మాత్రం సత్యం కాదు. బిగ్గరగా చదివే అవకాశం ఎక్కువగా మగపిల్లలకే దక్కింది. అదే సమయంలో ఆడపిల్ల చంకన తమ్ముణ్ణి ఎత్తుకుని ఉండేది. 2011 జనాభా లెక్కలలో శ్రీకాకుళం జిల్లా పురుషులలో అక్షరాస్యత 71 శాతం దాటగా స్త్రీలలో 52 శాతం దగ్గరే ఉండటానికి ఆ చంకన ఉన్న బిడ్డ కూడా ఒక కారణమే. ఒకరికి దొరికిన తీరిక వెనుక మరొకరి చాకిరీ ఉండేదని గుర్తించకుండా ఆ రోజులను మెచ్చుకోవడం తగదు.

ఇక పోయినదేమిటంటే, ఇంట్లోని అదనపు చేతులు. మామ్మ, పెద్దమ్మ, పక్కింటి పిన్ని పసివాణ్ణి పట్టుకుంటే తల్లికి గంట దొరికేది. న్యూజెర్సీలోనో సింగపూరులోనో ఇద్దరూ ఉద్యోగానికి వెళ్లే ఇంట్లో ఆ గంట ఎవరూ ఇవ్వరు. గల్ఫ్ దేశాలలో వెల్డర్లుగా, ఫిట్టర్లుగా పనిచేసేవారి పరిస్థితి ఇంకొక విధమైనది. వారికి సెలవునాడు కొంత సమయం ఉంటుంది గాని పిల్లలు దగ్గర ఉండరు. 2018 అక్టోబరు 11న పలాసకు దగ్గరలో తీరం దాటిన తిత్లీ తుఫాను కొబ్బరి, జీడి తోటలను నేలకూల్చిన తరువాత, మళ్లీ నాటిన కొబ్బరి కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది కనుక, మరెందరో బయటి పనులను వెతుక్కున్నారు. మరోవైపు ఊళ్లలో మిగిలిన యువ తల్లిదండ్రులలో కొందరు, ఉద్దానాన్ని పీడిస్తున్న కిడ్నీ వ్యాధి కారణంగా, ఇంటి పెద్దలను వారానికి రెండు మూడుసార్లు, ఒక్కొక్కసారి నాలుగు గంటల పాటు సాగే డయాలసిస్‌కు తీసుకువెళ్లి పక్కన కూర్చుంటున్నారు. ఆ నాలుగు గంటలలో మంచం పక్కన ఒక చిన్న పుస్తకం ఉండి, దానిని మెల్లగా చదివి వినిపించే గొంతు ఉంటే, రోగికీ ఊరట, చదివేవారికీ ఊరట.

ఈ నేపథ్యంలో, పిల్లలు పడుకున్న తరువాత చదువుకోవాలన్న ఆలోచన కన్నా, పిల్లలు మేలుకుని ఉండగానే చదవాలన్న ఆలోచన ఆచరణకు దగ్గరగా ఉంటుంది. శైశవం నుంచే పిల్లలకు బిగ్గరగా చదివి వినిపించవలసిందిగా తల్లిదండ్రులకు చెప్పాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2014లో తన వైద్యులకు సూచించింది. అక్కడి వైద్యులు బిడ్డ మెదడు ఎదుగుదలను దృష్టిలో పెట్టుకుని చెప్పిన ఈ మాటలో పెద్దలకు కూడా మేలున్నది. ఆరు నెలల పసివానికి అర్థంతో పని లేదు, తల్లి గొంతు చాలు. కాబట్టి ఆ వయసులో తల్లి తనకు నచ్చిన నవలనే పైకి చదువుకోవచ్చు. మూడేళ్లు దాటాక పిల్లలు తమ పుస్తకమే కావాలంటారు, అదే కథ ఇరవైసార్లు అడుగుతారు. అప్పుడు విసుగు చెందకుండా చదవడం ఒక సాధన. ఒకరు వంట చేస్తూ ఉండగా మరొకరు వంటింటి గడప దగ్గర కూర్చుని చదివితే ముగ్గురికీ ఒకేసారి కథ అందుతుంది.

పిల్లలు తెలుగు విని ఇంగ్లీషులో బదులిస్తున్నారని చాలామంది తల్లిదండ్రులు నిరుత్సాహపడి చదవడం మానుకుంటున్నారు. ఇచ్ఛాపురం, మందస, సోంపేట ప్రాంతాలలో ఒడియా, తెలుగు రెండూ పలికే ఇళ్లు తరతరాలుగా ఉన్నాయి. అక్కడి పిల్లలు ఒక భాషలో విని రెండవ భాషలో జవాబు చెప్పినందువల్ల ఏ భాషా నశించలేదు, ఇంట్లో రెండూ వినబడుతూ ఉండటమే అందుకు కారణం. పిల్లవాని బదులు ఏ భాషలో వచ్చినా, చదివే గొంతు తెలుగులో ఆగకుండా ఉండటమే ముఖ్యమని వారి అనుభవం తెలుపుతున్నది.

పెద్దల సొంత చదువుకు వస్తే, ముక్కలు ముక్కలుగా దొరికే సమయానికి కథానిక అనువైన ప్రక్రియ. ఈ విషయంలో శ్రీకాకుళం వారికి ఉన్నంత సంపద మరొకరికి లేదు. విశాఖపట్నంలో మూడు దశాబ్దాలకు పైగా బడిపంతులుగా పనిచేసిన కాళీపట్నం రామారావు, పాఠకులు ఆప్యాయంగా పిలుచుకున్న కారా మాస్టారు, తనకు వచ్చిన పురస్కారాల సొమ్మును వెచ్చించి 1997 ఫిబ్రవరి 22న శ్రీకాకుళంలో కథానిలయాన్ని ప్రారంభించారు. తెలుగులో అచ్చయిన ప్రతి కథనూ ఒకచోట చేర్చాలన్న సంకల్పంతో ఏర్పడిన ఆ గ్రంథాలయం, వేలాది కథల ప్రతులను తన వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉంచింది. పిల్లవాడు ఈతకొలనులో ఉన్న అరగంటలో ఒక కథ పూర్తి చేయవచ్చు. అయితే కారా మాస్టారి ‘యజ్ఞం’ వంటి కథను పిల్లల పక్కన పైకి చదవడం సరికాదు; దాని దారుణమైన ముగింపును పెద్దలే మౌనంగా మోయాలి.

అటువంటి మౌన పఠనానికి, ముఖ్యంగా తల్లికి, ఇంట్లోవారు సమయం కల్పించవలసి ఉంటుంది. మునుపు మామ్మ ఇచ్చిన గంటను ఇప్పుడు భర్త ఇవ్వాలి. వారానికి రెండు సాయంత్రాలు పిల్లల భోజనం, స్నానం, నిద్ర పూర్తిగా తండ్రి చూసుకుంటే, ఆమె చేతిలో పుస్తకాన్ని పిల్లలు కూడా చూస్తారు. కారు నడిపేటప్పుడు, బట్టలు మడతపెట్టేటప్పుడు దాసుభాషితం వంటి శ్రవణ పుస్తకాల వేదికలు ఆసరా అవుతాయి.

దూరాన ఉన్న తండ్రులకూ ఒక వీలు ఉన్నది. కువైట్ గడియారం మన దేశం కన్నా రెండున్నర గంటలు వెనుక, సింగపూరు గడియారం అంతే ముందు. కవిటిలో రాత్రి ఎనిమిది గంటలకు బిడ్డ పక్క మీదికి చేరినప్పుడు కువైట్‌లో సాయంత్రం ఐదున్నర, సింగపూరులో రాత్రి పదిన్నర. పని దిగి గదికి చేరిన తండ్రి వీడియో కాల్‌లో రెండు పేజీల కథ చదవడానికి ఆ సమయం సరిపోతుంది. అలాగే 2007లో మొదలైన సిలికానాంధ్ర మనబడి వంటి తరగతులలో అక్షరాలు నేర్చిన పిల్లలు, ఆ నేర్పును పరీక్షలకే పరిమితం చేయకుండా, వారాంతంలో ఊళ్లోని మామ్మకు ఫోనులో కథ చదివి వినిపించాలి. చూపు మందగించిన మామ్మకు, బడి ముఖమే ఎరుగని మామ్మకు ఆ పఠనం నిజంగా అవసరం. తన చదువు ఒకరికి అవసరమని తెలిసిన పిల్లవాణ్ణి చదవమని పోరు పెట్టనక్కర లేదు.

విదేశాలలో స్థిరపడిన ఈ కుటుంబాల సంఘం తరఫున చేయదగిన పని కూడా ఉన్నది. బిడ్డ పుట్టిన ప్రతి సభ్య కుటుంబానికి నాలుగు తెలుగు బొమ్మల పుస్తకాలు అందించడం పెద్ద ఖర్చుతో కూడినది కాదు. ‘మంచి పుస్తకం’ వంటి ప్రచురణకర్తలు పాత సోవియట్ కథలను సైతం తిరిగి అచ్చువేస్తున్నారు, ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్‌లో తెలుగు కథలు ఉచితంగా లభిస్తాయి. ఊళ్లోని శాఖా గ్రంథాలయాలు ఆస్తిపన్ను మీద రూపాయికి 8 పైసల చొప్పున వసూలయ్యే గ్రంథాలయ సుంకంతో నడవవలసి ఉన్నందున, అక్కడ పిల్లల పుస్తకాల బీరువా నింపడానికి సంఘం తోడ్పడవచ్చు. సంక్రాంతికి స్వగ్రామం వెళ్లే కుటుంబాలు పిల్లలను వెంటబెట్టుకుని పలాసలోనో టెక్కలిలోనో గ్రంథాలయానికి వెళ్లి, అక్కడి పిల్లలతో కలిసి ఒక కథ పైకి చదివించి, తెచ్చిన పుస్తకాలు అప్పగించి రావాలి. గ్రంథాలయాలకు శుక్రవారం సెలవు కాబట్టి, ప్రయాణం ఆ రోజు తప్పించి పెట్టుకోవాలి.